సంగీతం ఎదురుగా ఉన్న గడి

పోయిన డిసెంబరులో ఒక సాయంత్రం క్రిస్మస్ కోసం గులాబీపువ్వులు వేస్తున్నాను. కాగిన నూనె వాసన ఇల్లంతా పట్టింది. గట్టు మీది ట్రాన్సిస్టర్‌లో ప్రభుత్వ రేడియో వారి భక్తిగీతాలు వస్తున్నాయి. ఉన్నట్టుండి అందులోంచి నా గొంతే వినబడింది. పదిహేడేళ్ళప్పుడు నేను పాడిన పాట. మా మేనకోడలు సంబరపడి తన ఫోనులో కూడా అదే స్టేషను పెట్టింది. ఫోనులో పాట లేదు. ఎవరో వేణువు వాయిస్తున్నారు. ట్రాన్సిస్టర్‌లో నేను పాడినంతసేపూ ఫోనులో ఆ వేణువే వచ్చింది. పాట అయ్యాక రెండింట్లోనూ ఒకే అనౌన్సరు మాట్లాడింది. "ఫోన్లో నీ పాట ఎందుకు రాలేదత్తా?" అంది పిల్ల. "గాలిలో వినిపించడానికి ఒక అనుమతి, నెట్‌లో పెట్టడానికి ఇంకొకటి. రెండోది మా టీచరుగారు ఇవ్వలేదు" అన్నాను. ఈ మాటల్లో పడి బాణలిలోని పువ్వు మాడ్చేశాను.

సలోమి టీచరుగారు మామిడికుదురు దగ్గర మా ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు టీచరు. మా చర్చి సంఘంలో పాటల బృందం ఆవిడదే. ఏ కాగితాన్నీ నమ్మేవారు కారు. పాస్టరుగారు ప్రకటన చదివి ముగించినా "ఒకసారి ఇలా ఇస్తారా అండీ" అని తీసుకుని మళ్ళీ చదివేవారు. మా బృందంలో కుర్రాళ్ళు చాటుగా నవ్వుకునేవారు: "పరలోకంలో జీవగ్రంథం తెరిచినా, టీచరుగారు ముందు అచ్చుతప్పులు చూస్తారురా." నాకు బైబిలు వాక్యం చదవడం నేర్పింది ఆవిడే. ముందు వచనం, వెనక వచనం చదవకుండా నడుమ ఉన్నదాన్ని నమ్మవద్దనేవారు. ఆ మాట నేను గ్రంథానికే వర్తింపజేసుకున్నాను. మనుషులకు వర్తింపజేసుకోలేదు.

తొంభైల మొదట్లో రేడియో వాళ్ళు మా బృందాన్ని రికార్డింగుకు పిలిచారు. గొర్రెల కాపరుల మీద టీచరుగారు రాసిన క్రిస్మస్ పాట అది. నడుమ చరణాలు నేను ఒక్కదాన్నే పాడాలి. స్టూడియోలో ఒక గుమాస్తా ఫారం నింపుతూ "రచన?" అని అడిగాడు. "నాదేనండి" అన్నారు టీచరుగారు. "సంగీతం?" అన్నాడు. ఆవిడ జవాబు చెప్పలేదు. పక్కనే ఉన్న పాస్టరుగారు "అదీ ఆవిడదేనండి, ఆయ్, రాసేయండి" అన్నారు. గుమాస్తా రాసేశాడు. టీచరుగారి ముఖం ఎర్రబడింది. గర్వమేమో అనుకున్నాను.

ఆ పాట ఏటా క్రిస్మస్‌కు రేడియోలో వచ్చేది. ఊళ్ళో దాన్ని "కరుణ పాట" అనేవారు. కరుణ అంటే నేను. ఆ మాట నాకు ఎంత ఇష్టంగా ఉండేదో అప్పట్లో ఎవరికీ చెప్పలేదు, దేవుడికి కూడా.

రెండువేలు దాటిన ఐదారేళ్ళకు రేడియో నుంచి ఉత్తరం వచ్చింది. తమ కార్యక్రమాలు ఇకమీదట ఇంటర్నెట్‌లో కూడా ఇస్తారట. పాత అనుమతులు ప్రసారానికే ఇచ్చినవి గనక కొత్త ఫారం మీద సంతకం కావాలట. సంఘమంతా సంబరపడింది. మస్కట్‌లో ఉన్నవాళ్ళూ, లండన్‌లో ఉన్నవాళ్ళూ నా గొంతు వింటారు! కానీ టీచరుగారు ఆ ఫారాన్ని బైబిల్లో పెట్టుకుని మూడు వారాలు కదలలేదు. నేను వెళితే గ్రంథం మూసేసేవారు. "పెట్టేరా అండీ సంతకం?" అంటే "చూద్దాంలే అమ్మా" అనేవారు. రెండుసార్లు ఎవరికీ చెప్పకుండా అమలాపురం బస్సెక్కడం నా కళ్ళారా చూశాను.

నాకు అనుమానం మొదలైంది. కేసెట్లవాళ్ళెవరితోనో బేరం మాట్లాడుకుంటున్నారనుకున్నాను. తర్వాత అంతకన్నా నీచమైన ఆలోచన వచ్చింది: పాట తనదైతే పేరు నాకు వచ్చింది గనక ఓర్వలేకపోతున్నారు. ప్రార్థనలో మోకరించినా ఆవిడ చేతిసంచి వైపే నా చూపు పోయేది. చివరికి వెళ్ళి పాస్టరమ్మగారి చెవిలో వేశాను. "టీచరుగారి మనసులో ఏదో ఉందమ్మగారూ. పాట సంఘానిది కదండీ, అయ్యగారే సంతకం పెట్టేస్తే పోదా?"

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు ఆవిడను కూర్చోబెట్టారు. "మా మీద నమ్మకం లేదా ఏంటండీ?" అని ఒకాయన వెటకారంగా అడిగారు. టీచరుగారు లేచి నిలబడ్డారు.

"ఈ ఫారంలో సంగీతం నా సొంతమని ప్రమాణం చెయ్యమంటున్నారండీ. మాటలే నావి. బాణీ నాది కాదు. ఓడలరేవు స్కూల్లో పని చేసేటప్పుడు కిటికీ అవతల వీరమ్మ అని ఒకావిడ మనవరాలికి జోల పాడేది. అది విని నా మాటలు కూర్చుకున్నాను. స్టూడియోలో నా పేరు రాస్తుంటే ఊరుకున్నాను. ఇన్నేళ్ళూ మీరు పొగుడుతుంటే ఊరుకున్నాను. అబద్ధసాక్ష్యం పలకవద్దనే తొమ్మిదో ఆజ్ఞ పిల్లలకి నేర్పిందాన్ని నేనే. రెండుసార్లు ఆవిడ దగ్గరికని బయల్దేరి, అమలాపురంలో దిగి, మొహం చెల్లక తిరిగొచ్చేసేను."

పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను పాటల పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆవిడ బయటికి వెళుతూ నా దగ్గర ఆగి "రేపు నాతో వస్తావా కరుణా? ఒక్కదాన్నే అయితే మళ్ళీ తిరిగొచ్చేస్తాను" అన్నారు.

మర్నాడు అమలాపురంలో బస్సు మారి ఓడలరేవు వెళ్ళాం. వీరమ్మ ఇంటి ముందు పరిచిన వల మీద ఎండుచేపలు తిరగేస్తోంది. టీచరుగారిని గుర్తుపట్టి నవ్వింది గానీ కాగితం చూడగానే నవ్వు ఆగింది.

"ఎవరు పంపేరండీ మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదమ్మా. నీ జోలపాట బాణీ నేను తీసేసుకున్నాను. అది చెప్పుకుందామని వచ్చేను."

"నాదేంటండీ, మా అమ్మది. మా అమ్మకి ఎవరు నేర్పేరో! పాటకి కూడా కాయితమేంటండీ?" అని చేతులు తుడుచుకుంది. "రొయ్యల చెరువోళ్ళు ఇలాగే కాయితం తెచ్చేరు. దారి మీదేనమ్మా, ఎప్పుడైనా నడవండి అన్నారు. ఏలిముద్రేసేం. ఇప్పుడు దారికి గేటు. దీని మీద నేను ఏలేస్తే, రేపు నేను ఉయ్యాల్లో పిల్లకి పాడుకుంటే ఎవరైనా వచ్చి ఆపుతారా?"

నేను వెంటనే "అయ్యో, ఎవరాపుతారు!" అనబోయాను. టీచరుగారు చెయ్యెత్తి నన్ను ఆపారు. ఆ ఎండలోనే నిలబడి ఫారం మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చదివారు. సకల హక్కులు, సకల మాధ్యమాలు, శాశ్వతంగా అని ఉంది.

"ఎవరూ రాకపోవచ్చు. కానీ రాసినదాన్ని బట్టయితే ఆపొచ్చమ్మా" అన్నారు.

"అయితే నాకొద్దండి" అంది వీరమ్మ. "మీరు పాడుకోండి, ఆయ్. మీ దేవుడికేగా. నేను ఏలు మాత్రం వెయ్యను."

టీచరుగారు సంచి మీద ఫారం పెట్టుకుని సంగీతం ఎదురుగా ఉన్న గడిలో వీరమ్మ పేరు రాశారు. హక్కుల వాక్యం కొట్టేసి, రేడియో వారు నెట్‌లో వినిపించవచ్చుననీ, బాణీ మాత్రం వీరమ్మ ఇంటివారికీ పాడుకునే అందరికీ ఉంటుందనీ పైన రాశారు. చదివి వినిపిస్తే వీరమ్మ "ఇదయితే సరే" అని అప్పుడు వేలు వేసింది.

తిరుగు బస్సులో నేను ఏడ్చాను. ఆవిడ మీద అనుకున్నదంతా చెప్పాను, పాస్టరమ్మగారికి చాడీ మోసినదీ చెప్పాను.

"తెలుసులే" అన్నారు. "నువ్వు అనుమానించడం తప్పు కాదమ్మాయ్. నేను దాచింది నిజమే కదా. కానీ ఆ మూడు వారాలు నీకేం కావాలనిపించింది?"

"నా గొంతు లోకమంతా వినాలని."

"ఈ మాట దేవుడికి చెప్పేవా?"

"లేదండీ."

"మరి ఆ ఆశ ఎక్కడికి పోతుంది? అనుమానమై నా మీదకొచ్చింది."

కొట్టివేతలున్న ఫారం చెల్లదని రేడియో నుంచి మర్యాదగా ఉత్తరం వచ్చింది. కొత్తది పంపుతామన్నారు, పంపారు. అందులోనూ అదే వాక్యం. టీచరుగారు సంతకం పెట్టలేదు. ఊళ్ళో ఆవిడను చాలామంది మొండిమనిషన్నారు. రిటైరైన కొన్నేళ్ళకు ఆవిడ ప్రభువులో నిద్రించారు.

ఇప్పుడు బృందం నా చేతిలో ఉంది. అనుమానం నన్ను వదల్లేదు, వదలాలని నేను ప్రార్థించనూ లేదు. చాలాసార్లు అది నిజమే అవుతుంది. అయితే ఎవరి మీదనైనా వేలు చూపేముందు మోకరించి, నాకేం కావాలో ముందు పైకి చెప్పుకుంటాను. మొన్న ఈస్టరు పాటలో ఒక్కరే పాడే చరణాలు ఇరవయ్యేళ్ళ అమ్మాయికి ఇచ్చారు కొత్త పాస్టరుగారు. ఆ అమ్మాయి ఆయన బంధువు. నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఖాళీ గుడిలో బల్ల పక్కన మోకరించి చెప్పాను: ప్రభువా, నాకింకా పాడాలని ఉంది. ఆ మాట చెబుతుంటేనే నా గొంతు జీరబోయింది. ఆ జీర నేను విన్నాను. ఆ అమ్మాయి ఆయన బంధువన్నది అప్పటికీ నిజమే. లేచి వెళ్ళి హార్మోనియం తెరిచి, ఆ అమ్మాయిని పిలిచి శ్రుతి ఇచ్చాను.