ఒకే రాయికి రెండు మార్కులు

కామవరపుకోటలో నూతులు తవ్వే అబ్బులు చెవి గొప్పదని అందరూ అనేవారు. గునపంతో రాతిని ఒక్క దెబ్బ కొట్టి, మోత విని, నిలుస్తుందో జారుతుందో చెప్పేవాడు. అతను తవ్విన ఇరుకు నూతులు ఒరలు లేకుండానే ఏళ్ళ తరబడి నిలిచాయి. దాంతో మనిషికి కాస్త గీర పెరిగింది. చర్చిలో కూడా మొదటి వరుస వదిలేవాడు కాదు.

అతనికున్నది ఎకరం నిమ్మతోట, అందులో తనే తవ్వుకున్న నుయ్యి. కాయలు కోసి, భార్య యేసమ్మ బస్సు మీద తాడేపల్లిగూడెం తీసుకెళ్ళి అమ్మేది. ఆ తోటే వాళ్ళ తిండి. 2004 ఎండాకాలానికి చుట్టుపక్కల బోర్లు ఎక్కువై నూతిలో నీళ్ళు అడుగంటాయి. వెడల్పు చేస్తే ఊట ఎక్కువ దిగుతుందని అబ్బులు ఆశపడ్డాడు.

అప్పుడే కాలువ పని కోసం రాయిని పరీక్షించడానికి పద్మప్రియ అనే ఇంజినీరు వచ్చి మా ఇంట్లో అద్దెకు దిగింది. అబ్బులు ఆమె దగ్గర గోతులు తవ్వే పనికి కుదిరాడు. చిన్న గొయ్యి చూసి ఆమె ఆ రాతి నిలకడకు నూటికి డెబ్బై మార్కులు వేసింది. అక్కడే కాలువంత వెడల్పు తవ్వించాక నలభై వేసింది. ఒకే రాయికి రెండు మార్కులేమిటని అబ్బులు ఊరంతా చెప్పి నవ్వించాడు. అయినా లోపల భయమేదో ఉన్నట్టుంది. ఒక సాయంత్రం మా వరండాలోకి వచ్చి తన నూతి సంగతి అడిగాడు.

"వెడల్పు చేయకండి అబ్బులుగారూ," అంది పద్మప్రియ. "ఇరుకు నూతిలో ఒకటి రెండు పగుళ్ళే తగులుతాయి. వెడల్పు చేస్తే ఇంకా చాలా తగిలి, ఒకదాన్నొకటి కలుస్తాయి. కలిసినచోట రాయి ముక్కలై జారిపోతుందండీ."

"మన పక్కనే కొండలో తొలిచిన గుంటుపల్లి గుహలు వేల ఏళ్ళనుంచి నిలబడలేదా అండీ? ఇదీ ఆ రాయే కదా."

"అవి చిన్నవండీ."

అబ్బులు ఇంటికెళ్ళి నూతి గోడను గునపంతో కొట్టి చూశాడు. ఖంగుమంది. గునపం తగిలింది జానెడు రాయికి, అతను తవ్వబోయేది ఇల్లంత గొయ్యి. ఆ తేడా చెవికి అందేది కాదు. వేసవంతా ఆలుమగలిద్దరూ తవ్వారు. తొలి వానకు ఒక పక్క గోడ మొత్తం జారి నుయ్యి పూడిపోయింది.

లోపల ఎవరూ లేరు, ప్రాణాలు దక్కాయి కదా అని పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ అన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండింది. మరుసటి ఎండాకాలానికి తోట నిలువునా ఎండింది. పక్క చేను బోరు ఆసామికే నేల అమ్మేశారు. సొంత నుయ్యే నిలబెట్టుకోలేనివాణ్ణి నూతి పనికి ఎవరు పిలుస్తారు? మొగుడూ పెళ్ళాం చేపల చెరువుల పనికి పెదపాడు వైపు వలసపోయారు.

మూడేళ్ళ తర్వాత ఏలూరు వెళ్ళినప్పుడు చూడాలనిపించి వెళ్ళాను. యేసమ్మ గట్టు మీదికి బురద తట్టలు మోస్తోంది. నన్ను చూసి నవ్వింది గాని తట్ట దించలేదు. మోకాళ్ళ లోతు నల్లబురదలో నిలబడి అబ్బులు ఊళ్ళో అందరినీ పేరుపేరునా అడిగాడు. చివరికి కాస్త గొంతు తగ్గించాడు.

"గుంటుపల్లి గుహలు బాగానే ఉన్నాయా అండీ?"

ఉన్నాయన్నాను. తల ఊపి, గుంజ పాతడానికి గునపం ఎత్తి వేశాడు. మోత లేకుండా అది సగం దాకా దిగిపోయింది. పాత అలవాటుకొద్దీ అబ్బులు తల వంచి చెవి ఒగ్గాడు.