పలకల వెనుక అత్త

మొన్న నాంపల్లిలో ఒక పాత ఇల్లు కూలుస్తున్నారు. కోస్తున్న టేకు వాసనకు రోడ్డు మీదే ఆగిపోయాను.

అబిడ్స్ వెనుక గల్లీలో మా పెంకుటింటికి పైన అటకగది ఉండేది. నాన్న చెల్లెలు, మా అత్త, అక్కడే చదువుకునేది. జ్వరమొచ్చి అక్కడే పోయింది. పోయిన నక్షత్రం మంచిది కాదని, ఆ గది ఆరు నెలలు మూసెయ్యాలని పెద్దలన్నారు. నాన్న తలుపు ఊడదీయించి, ఆ చోట టేకు చట్రం కట్టించి పలకలు కొట్టించాడు. మూడేళ్లయినా తెరవలేదు.

అత్తను లోపలే పెట్టి మూసేశారని నేననుకున్నాను. బడి నుంచి రాగానే మెట్లెక్కి పలకకు చెవి ఆనించేదాన్ని. లోపల ఏదో కదిలేది.

మూడో వానాకాలం కప్పు కారడంతో వడ్రంగి వచ్చాడు. నిలువు కర్రలు ఎక్కడున్నాయో తెలియడానికి పలకల మీద వేళ్లతో కొట్టసాగాడు.

"జర మెల్లగ కొట్టు తాతా, అత్త లేస్తది," అన్నాను.

అతను నాన్న వైపు చూశాడు. నాన్న తల దించుకున్నాడు.

వడ్రంగి నడిమి కర్ర కోసేసి, పై బరువు ఆగేలా అడ్డకర్ర బిగించి, మనిషి దూరేంత దారి చేశాడు. "పో సారూ, ఫికర్ లేదు," అన్నాడు.

నాన్న చెప్పులు విడిచాడు. వంగి, ఆ చీకట్లోకి మెల్లగా అన్నాడు: "చెల్లె, నేనే. లోపలికొస్తున్న."

లోపల ఒక చాప, అత్త పుస్తకాలు, పావురాల గూళ్లు ఉన్నాయి. అత్త లేదని నాకు ఆ రోజే తెలిసింది. నాన్న మాత్రం, ఆ ఇల్లు విడిచేదాకా, ఆ గదిలోకి ఎప్పుడు వెళ్లినా చెప్పే వెళ్లేవాడు.