అవ్వ ఫోటోలో నూకలు

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మా ఇంటి దగ్గరి సుచిత్ర బస్టాపుకి నేను చేరేసరికి సన్నగా తుంపర మొదలైంది. భుజాన కెమెరా సంచి, చేతిలో గొడుగు. రెండువేల ఏడో ఎనిమిదో, సంవత్సరం సరిగ్గా గుర్తులేదు కానీ ఆ వాన మాత్రం గుర్తుంది. వెళ్లాల్సింది శామీర్‌పేట అవతల లాల్‌గడి మలక్‌పేట్. పని ఒక్కటే: ఒక ముసలావిడ కళ్లు తెరిచి ఉండగా ఫోటో తీయాలి.

తుర్కపల్లిలో మా ల్యాబుకి నన్ను రోజూ తీసుకెళ్లే క్యాబు నర్సింహది. సొంత బండి, ఊళ్లో పొలం ఉన్న కుటుంబం. అతని అవ్వకి, అంటే నాయనమ్మకి, ఆ వచ్చే గురువారం కంట్లో శుక్లాల ఆపరేషన్. ఆవిడేమో కళ్లు తెరిచిన ఫోటో ఒకటి దిగితే తప్ప ఆసుపత్రి గడప తొక్కనని భీష్మించుకుంది. మనవడి పెళ్లి దగ్గర్నుంచి మునిమనవరాలి తొట్టెల దాకా ఇంట్లో ఉన్న ప్రతి ఫోటోలోనూ, ఫ్లాష్ వెలిగేసరికి కళ్లు మూసేసుకుందట. రేపు కన్ను పోతే, కళ్లున్న ఫోటో అయినా మిగలాలని ఆవిడ పట్టు. డాక్టరేమో ఇంకా ఆలస్యం చేస్తే మంచిది కాదన్నాడు.

"సార్, మీ కెమెరాల ఫ్లాష్ లేకుంట ఫోటో వస్తదా?" అని నర్సింహ శుక్రవారం అడిగాడు. కొత్తగా కొన్న డిజిటల్ కెమెరా మోజులో ఉన్నాను. ఓస్, అదెంత పని అన్నాను.

ఎనిమిదీ ఇరవైకి బస్సు దొరికింది. తొమ్మిదికి మేడ్చల్లో దిగి, ఒక టీ తాగి, శామీర్‌పేట వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. అటు వెళ్లేవాళ్లకి ఒక మాట చెప్పాలి: అక్కడ ఆటో నిండితేగానీ కదలదు, నిండడమంటే మనం అనుకునే నిండడం కాదు. నాకు దక్కింది అంచు సీటు. వాన జల్లు నేరుగా కెమెరా సంచి మీదే పడుతోంది. పక్కన కూర్చున్న ఒకావిడ తన కూరగంప మీద కప్పిన పాలిథిన్ కవరు తీసి నా ఒళ్లో పెట్టింది.

"సంచి తడుస్తాంది, గిది కప్పు బిడ్డా. నా తోటకూరకేం గాదు, వానకే పుట్టింది."

నేను కవరు సర్దుకుని తలెత్తేలోపు ఆటో ఆగింది, ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని పొలం గట్టున వెళ్లిపోయింది. ఆ తల్లికి థాంక్స్ కూడా చెప్పలేదు. ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ చెబుతున్నాను.

పదీ పదికి శామీర్‌పేటలో నర్సింహ బైకు మీద సిద్ధంగా ఉన్నాడు. ఇంకో పావుగంటలో వాళ్లింట్లో ఉన్నాం. కాళ్లు కడుక్కోగానే అతని భార్య గిన్నె నిండా ఉడికించిన అలసందలు తెచ్చింది. వాళ్లు గుడాలంటారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి తాలింపు పెట్టిన ఆ గుడాల రుచి గురించి వేరే వ్యాసం రాయొచ్చు. రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు.

అవ్వ ఉన్నది వెనకగదిలో. వెలుతుర్లోకి వస్తే కళ్ల నిండా నీళ్లు, రెప్పలు వాలిపోతాయి. అందుకని పగలంతా అక్కడే కూర్చుంటుంది. గదిలో వడ్ల బస్తాలు, ఒక నులక మంచం. ఆ రోజు మబ్బు, పైగా కరెంటు లేదు. తలుపు సందులోంచి వచ్చే కాస్త వెలుతురే దిక్కు.

ఇక్కడ నా మొండితనం గురించి చెప్పుకోవాలి. కెమెరాలో ఐఎస్ఓ అని ఒక అంకె ఉంటుంది. అది పెంచేకొద్దీ తక్కువ వెలుతురులో కూడా బొమ్మ గబుక్కున పడుతుంది. కానీ బొమ్మ ఒళ్లంతా రంగురంగుల చుక్కలు తేలతాయి. దాన్ని నాయిస్ అంటారు. తణుకు వైపు బియ్యం మిల్లుల మధ్య పెరిగినవాణ్ణి, నేను మాత్రం నూకలు అనేవాణ్ణి. ఇంటర్నెట్లో పెద్దమనుషుల ఉపదేశాలన్నీ చదివి, నాలుగు వందలు దాటి పోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నా కెమెరా పదహారు వందల దాకా పోతుంది, నేనే పోనివ్వను. గొప్పలకు పోతే తిప్పలు తప్పవంటారు కదా.

నాలుగు వందల దగ్గరే పెట్టి పన్నెండు ఫోటోలు తీశాను. కళ్లయితే తెరుచుకున్నాయి, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ బొమ్మ పడేంతసేపు నా చెయ్యి నిలవలేదు, ఆవిడ తల నిలవలేదు. పన్నెండూ అలికేసినట్టున్నాయి. నర్సింహ తెర మీదికి వంగి చూశాడు. నాలోని నిపుణుడు ఊరుకోడు కదా, సమర్థించుకున్నాను.

"కదిలితే కదిలాయి గానీ, నూకలు మాత్రం లేవు చూడు."

అవ్వ మంచం పట్టె పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఎవలకు బిడ్డా నూకల్లేవు? నాకా? డాక్టర్ చెప్పిండా నీకు?"

భూమ్మీద నూకలు చెల్లడం అంటే ఏమిటో తెలియని తెలుగువాడు లేడు. నాకూ తెలుసు. తెలిసీ, ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు, ఎనభై ఏళ్ల మనిషి ఎదుట ఆ మాట అన్నాను. నాలుక కరుచుకున్నాను. నర్సింహ మొహం వాడిపోయింది. ఇంక ఈవిడ ఆసుపత్రికి రాదని అతనికి అర్థమైపోయింది, నాకూ అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు ఒట్టు తీసి గట్టున పెట్టాను. అంకె పదహారు వందలకి తిప్పి, వడ్ల బస్తా మీద కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించాను.

"అవ్వా, నేనన్నది ఫోటోలో నూకల సంగతి. మీ నూకలు ఉన్నాయో లేవో మీరే చూద్దురు గాని. ఒక్కసారి నావైపు చూడండి."

ఆవిడ చూసింది. అబద్ధమాడేవాణ్ణి పట్టుకోవాలన్నట్టు, రెప్ప వాల్చకుండా, సూటిగా చూసింది. నొక్కాను.

బొమ్మ నిలిచింది. తెర మీద కన్ను భాగం పెద్దది చేసి, కెమెరా ఆవిడ చేతిలో పెట్టాను. ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని చూసింది. మసకలో ఆవిడకి ఏం కనిపించిందో తెలియదు.

"నర్సింగా, ఏం కనవడ్తాంది? నిజం చెప్పు."

నర్సింహ వంగి చూశాడు. "కండ్లు మంచిగ తెరుసుకున్నయ్ అవ్వా. నూకలా, నిండ నూకలే. కంట్ల, చెంపల మీద, అంతట."

అవ్వ కెమెరా తిరిగిచ్చి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వింది.

"గిన్ని నూకలున్నంక ఇగ నన్నెవలు తీస్కపోతరు? బేస్తారం ఎన్ని గంటలకు పోవాలె?"

బేస్తారం అంటే గురువారం. నర్సింహ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అన్నం, పచ్చిపులుసు పెట్టి గానీ కదలనివ్వలేదు.

మూడింటికి బయల్దేరాం. నర్సింహ శామీర్‌పేట దాకా దింపాడు. వచ్చిన దారినే మేడ్చల్‌కి ఆటో, అక్కడి నుంచి బస్సు. వాన వెలిసింది. కిటికీ పక్కన సీటు దొరికింది. దారంతా ఆ ఫోటో తీసి చూసుకుంటూనే ఉన్నాను. ఇంట్లో కంప్యూటర్లో నూకలు ఏరిపారేసే సాఫ్ట్‌వేర్ ఉంది. రాత్రికి దాంతో శుభ్రం చేసి, పెద్దది ప్రింటు వేయిద్దామని అన్నాల దగ్గర నేనన్న మాట నిజమే. కానీ ఇందాక శామీర్‌పేటలో ఆటో ఎక్కుతుంటే నర్సింహ మళ్లీ వెనక్కి వచ్చి చెప్పాడు.

"సార్, అవ్వ చెప్పుమన్నది. ఒక్క నూక గూడ పారబొయ్యద్దట."

సుచిత్రలో దిగేటప్పటికి ఐదు దాటింది. తోటకూర వాసన ఇంకా పోని ఆ కవరు చుట్టి, సంచి గుండెకి ఆనించుకుని, ఒక్క నూక కూడా ఒలక్కుండా ఇంటికి తెచ్చాను.