వీపు బాబాయ్ మొహం

మా బావ ఎన్నో సినిమాల్లో ఉన్నాడు కానీ, తెర మీద అతని మొహం చూశామని చెప్పుకునే భాగ్యం చాలాకాలం మా ఇంట్లో ఎవరికీ దక్కలేదు. చూసిందల్లా వీపు. బావ ఫైట్లకి డూపు. హీరో మేడ మీంచి దూకాలన్నా, మంటల్లోంచి పరుగెత్తాలన్నా, కదిలే కారు మీద దొర్లాలన్నా హీరో చొక్కా వేసుకుని వెళ్ళేది బావే. దెబ్బలు ఇతనివి, ఈలలు ఇంకొకరివి. యూనిట్‌లో అందరూ వీపు బాబాయ్ అని పిలిచేవారు. ఆ పిలుపుకి ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు సరికదా మురిసిపోయేవాడు. కింద పడి లేవగానే దుమ్మయినా దులుపుకోకుండా "కెమెరాలో మొహం పడిందా?" అని అడిగేవాడట. పడలేదంటే ఆ పూట గెలిచినట్టు.

మొదట్లో బావ పెద్ద పెద్ద మేడలకి తాళ్ళ మీద వేలాడుతూ రంగులు వేసేవాడు. ఒక మేడ దగ్గర షూటింగ్ జరుగుతుంటే, రావలసిన డూపు రాలేదు. పైన తాడు మీద ఉన్న బావని చూసి ఫైట్ మాస్టర్ కేకేశాడు, "ఏమోయ్, దూకుతావా? భయమా?" అని. "భయమా, నాకా?" అన్నాడు బావ. ఆ ఒక్క మాట మీదే తర్వాతి బతుకంతా నడిచింది. కాలర్ ఎముక విరిగింది, ముందు పళ్ళు రెండు పోయాయి, ఆ మాటకి మాత్రం సొట్ట పడలేదు.

నాది సెలూను, కాబట్టి ఆ పనిలో నాకూ కొంచెం వాటా ఉంది. షూటింగ్‌కి ముందు మాస్టర్ హీరో తల ఫొటోలు పంపేవాడు, వెనక నుంచీ పక్క నుంచీ తీసినవి. వాటిని అద్దానికి అంటించుకుని బావ జుట్టు అచ్చు అలాగే కత్తిరించేవాణ్ణి. జనం హీరోల కళ్ళ గురించి, నవ్వు గురించి మాట్లాడుకుంటారు. నాకు వాళ్ళ మెడలే తెలుసు. మా అక్క వాటా ఇంకా పెద్దది. చొక్కా కింద కట్టుకునే మెత్తలు ఆవిడే కుట్టేది. పాత పరుపుల స్పాంజి కోసి, మందపాటి గుడ్డలో పెట్టి, పైకి ఉబ్బు తెలియకుండా కుట్టాలి. ఏ మెత్త చిరిగి ఇంటికొచ్చిందో చూస్తే ఆ రోజు దెబ్బ ఎక్కడ తగిలిందో తెలిసిపోయేది. అయినా అడిగేది కాదు. సినిమాలు అసలే చూసేది కాదు. "ఒకసారి పడింది చాలదూ, మళ్ళీ అంత పెద్ద తెర మీద కూడానా" అనేది.

అలాంటి బావ ఒక సినిమాలో మొహం చూపించాడు.

అదొక గూఢచారి సినిమా. హీరో శత్రుదేశంలో మారుపేరుతో బతుకుతాడు. తనకి అన్నం పెట్టి ఆదరించిన కుటుంబాన్నే చివరికి మట్టుబెట్టి తిరిగొస్తాడు. విడుదలైన రోజు నుంచీ జనం రెండుగా చీలిపోయారు. సగం మంది నెత్తిన పెట్టుకుంటే సగం మంది దుమ్మెత్తిపోశారు. ఆ గొడవంతా తీరిగ్గా నా సెలూనుకే వచ్చింది. మెడ దగ్గర కత్తి పెట్టుకుని చేతులూపుతూ వాదించే మనుషులకి ఏం చెప్పను? ఎవరి చెవీ తెగకుండా ఆ రోజులు గడవడం నా అదృష్టం.

ఆ సినిమాలో హీరో హోటల్ మేడ మీంచి వెనక్కి పడే చోటొకటి ఉంది. పడుతూ పడుతూ ఒక్క క్షణం తల కెమెరా వైపు తిరుగుతుంది. కళ్ళు విప్పారి, నోరు తెరుచుకుని, ప్రాణం పోతోందని తెలిసిన మనిషి మొహం. అది బావ మొహం. నెత్తురు రంగు పూసి ఉంది కాబట్టి, రెప్పపాటులో పోతుంది కాబట్టి చెల్లిపోయింది. డైరెక్టరుకి తెగ నచ్చి ఉంచేశాడట.

ఎందుకు తిరిగాడో బావ నా ఒక్కడికే చెప్పాడు. "భయమేసిందిరా. కింద పరుపులున్నాయో లేదో చూసుకోవాలనిపించింది. ఎన్నడూ లేదు అలాగ." అప్పట్నుంచి బల్బు మార్చడానికి స్టూలెక్కినా ముందు కిందకి చూసుకుంటున్నాడట. అక్కకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇంతలో మాస్టర్ దగ్గర్నుంచి కబురు. రెండో భాగం మొదలవుతోంది, ఈసారి ఇంకా ఎత్తు, ఆదివారం సాయంత్రానికి మాట చెప్పమని. వెళితే ప్రాణానికి భరోసా లేదు, భయపడ్డ ఒళ్ళు సరిగ్గా పడదు. వెళ్ళనంటే ఎందుకని అడుగుతారు. భయం లేనివాడన్న పేరు తప్ప ఇంకేమీ సంపాదించుకోని మనిషి దానికి ఏం జవాబు చెబుతాడు?

"మానెయ్ బావా" అన్నాను.

"ముందు జనం ఏమంటున్నారో విననీ" అన్నాడు. ఎవరూ గుర్తుపట్టకపోతే ఆ భయం అసలు పుట్టనట్టేనని పిచ్చి లెక్కొకటి వేసుకున్నాడు. అందుకోసం రోజూ వచ్చి నా సెలూను బల్ల మీద పేపరు అడ్డం పెట్టుకుని చెవులు రిక్కించి కూర్చునేవాడు.

ఆదివారం రానే వచ్చింది. పొద్దున బావ కుర్చీలో ఉన్నాడు, మొహం నిండా నురగ. బల్ల మీద లెక్కల టీచరు, ఎలక్ట్రీషియను. బావ చేసే పనేమిటో ఇద్దరికీ తెలీదు.

"దేశభక్తంటే అన్నం పెట్టినవాడి గొంతు కొయ్యడమా? మూడు గంటలు కూచోబెట్టి నేర్పింది అదేగా" అన్నారు టీచరు.

"గూఢచారి అన్నాక దండేసి దణ్ణం పెడతాడా సార్?" అన్నాడు ఎలక్ట్రీషియను. "పరీక్ష పేపరు దిద్దినట్టు చూస్తే ఏ సినిమా నచ్చుతుంది మీకు? ఆ మేడ మీంచి పడే సీనొక్కటి చాలు. ఆ మొహంలో భయం చూశారా? ఏం నటనండీ బాబూ!"

"నటనా నా తలకాయా. అసలది హీరోయే కాదు. డూపు మొహం పడిపోతే తీసెయ్యడం మరిచిపోయారు."

ఎలక్ట్రీషియనుకి రోషం వచ్చింది. ఫోనులో ఆ ముక్క దగ్గర ఆపి నా ముక్కు దగ్గర పెట్టాడు. "అన్నా, రోజూ తలలు చూసేవాడివి. నువ్వు చెప్పు, హీరోనా కాదా?"

ఫోనులో ఉన్నదీ, నా చేతి కింద నురగలో ఉన్నదీ ఒకటే మొహం. బావ గుటక మింగడం నా వేళ్ళకి తెలిసింది. "నాకు మెడలే తెలుసు, మొహాలు తెలీవు" అని తప్పించుకున్నాను.

నురగలోంచి బావ గొంతు వచ్చింది. "డూపే అది. భయపడి తిరిగాడు."

ఎలక్ట్రీషియను పగలబడి నవ్వాడు. "భలేవాడివి బాబాయ్. వాళ్ళకి భయమెక్కడుంటుంది, రోజూ దూకేవాళ్ళకి?"

"అది మాత్రం నిజం" అన్నారు టీచరు. "ఆ పనికొచ్చేవాళ్ళకి భయమన్నది పుట్టుకతోనే ఉండదు."

ఆ సినిమా వచ్చాక వాళ్ళిద్దరూ ఒప్పుకున్న మాట అదొక్కటే. నాకు ఒళ్ళు మండింది. కానీ కత్తి చేతిలో ఉన్నవాడు కోపం దిగమింగాలి, దిగమింగాను. బావ లేచి మొహం కడుక్కుని, తుడుచుకుని, వాళ్ళిద్దరి ఎదురుగా తిరిగి నిలబడ్డాడు. ఇద్దరూ చూశారు. ఇద్దరూ గుర్తుపట్టలేదు. కోరుకున్నదే జరిగింది, అయినా బావ మొహం వాడిపోయింది.

"మీ అక్కని సినిమాకి తీసుకెళదాంరా" అన్నాడు వీధిలోకి వచ్చాక.

"అక్క చూడదు కదా బావా."

"ఊళ్ళోవాళ్ళందరి మాటా విన్నాను. దాని మాటొక్కటి మిగిలింది."

అక్క ఒక్క ప్రశ్న అడగలేదు. కుట్టు మిషను మీద గుడ్డ కప్పి బయల్దేరింది. మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం. మా ఇద్దరి మధ్య కూర్చుంది. మేడ సీను వస్తోందనగా బావ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. నేను తెర వైపు చూడలేదు, అక్కనే చూశాను. ఆ మొహం వచ్చింది, పోయింది. ముందు వరసల్లో ఈల వేశారు. వెనక నుంచి ఎవడో "డూపురా డూపు" అని నవ్వాడు. అక్క మాత్రం ఆట అయ్యేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

బయట జనం మెట్ల మీదే వాదించుకుంటూ దిగుతున్నారు. మేము పక్కన గోడ దగ్గర నిలబడ్డాం.

"ఎలా ఉంది?" అన్నాడు బావ.

"నాకు నచ్చలేదండీ. తిండి పెట్టినవాళ్ళని అలా చెయ్యకూడదు."

"కథ కాదు. ఆ పడేది నేనే. మొహం కనబడింది. గుర్తుపట్టావా?"

"గుర్తుపట్టకపోవడమేంటండీ!"

"భయపడ్డానే. నీకు చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి భయపడ్డాను."

అక్క కోపంగా చూసింది. ఏడుపు వచ్చే ముందు ఆవిడ చూపు అలాగే ఉంటుంది.

"మొదటిసారేంటి? ఆ మొహం నాకు కొత్తా? పనికెళ్ళే రోజు పొద్దున గుమ్మంలో వంగి బూట్లు కట్టుకుంటారు చూడండి, లేచేటప్పుడు అదే మొహం. ఒక్క క్షణం. వెంటనే నవ్వేస్తారు. పెళ్ళైన కొత్తలోనూ అంతే, మొన్నా అంతే. నా దగ్గర దాచుకుంటున్నారు, పోనీలే అనుకున్నాను. మీకే తెలీదని నాకేం తెలుసు?"

బావ తల వంచి తన బూట్ల వైపు చూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ తల నా చేతుల్లోనే ఉంది, నాకు మాత్రం ఏం కనబడింది?

"ఇంక చూడలేనండీ ఆ మొహం" అంది అక్క. "మానమని అననులెండి. చూడలేను, అంతే."

అంతలో ఫోను మోగింది. ఫైట్ మాస్టర్. ఆయన గొంతు పెద్దది, పక్కనున్న నాకూ వినిపిస్తోంది. "ఏం బాబాయ్, రేపు రిహార్సల్. వస్తున్నావుగా?"

"రాను మాస్టారూ."

"అదేంటి? ఒంట్లో బాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది. భయమేస్తోంది మాస్టారూ."

మెట్లు దిగుతున్న కుర్రాళ్ళిద్దరు ఆ మాట విని బావ మొహంలోకి చూసి, మళ్ళీ తమ వాదంలో పడి వెళ్ళిపోయారు.

"నీకు భయమేంటి బాబాయ్? ఎప్పట్నుంచి?"

బావ అక్క వైపు చూశాడు.

"మొదట్నుంచీనట, మాస్టారూ."