గుండు కంటే ముందు లేచిన కన్ను

2022. పోలీసు శాఖలో ఆయుధ శిక్షకుడిగా పనిచేసి రిటైరయ్యాక, చోడవరంలో ఒక మిత్రుడి పాత బెల్లం గోదాములో ఎయిర్ పిస్టల్ నేర్పుతున్న రోజులు. గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండును వదిలే పిస్తోలు అది. పది మీటర్ల దూరంలో కాగితం టార్గెట్. పోటీకి పనికొచ్చే పిస్తోలు మా దగ్గర ఒక్కటే ఉండేది. దాన్ని రావికమతం నుంచి వచ్చే నర్సు సువార్తకు ఇచ్చాం. రాష్ట్ర పోటీల్లో జాతీయ స్థాయికి కావలసిన స్కోరు ఆమెకు రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే పిస్తోలు మరొకరికి ఇవ్వాలని అందరం అనుకున్నాం. ఆమె కూడా ఒప్పుకుంది.

ఆమె చెయ్యి నిలకడైనది. డ్రై ఫైర్, అంటే గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే అభ్యాసం చేయిస్తే, గొట్టం చివర గురిచూసే చిన్న మిట్ట, ఫ్రంట్ సైట్, కదిలేది కాదు. టార్గెట్ తిరగేసి తెల్ల కాగితం మీద కాల్పిస్తే గుండ్లన్నీ ఒకచోటే పడేవి. నల్లటి వృత్తం ఎదురుగా పెట్టగానే చెదిరిపోయేవి. ట్రిగ్గర్ బిగువు మార్చాను, నిలబడే తీరు సరిచేశాను. నా డైరీలో ఆ వారమంతా ఒకటే మాట: కారణం తెలియలేదు.

చివరికి ఒక సాయంత్రం టార్గెట్ సంగతి వదిలేసి, పక్కన నిలబడి ఆమె ముఖం మాత్రమే చూశాను. గుండు వెళ్లే క్షణంలోనే కళ్లు సైట్ వదిలి ఎదరకు లేస్తున్నాయి. వాటితో పాటు తల, తలతో పాటు మణికట్టు.

"ఏటి చూస్తన్నావమ్మా?" అని అడిగాను.

"నల్లదానికి తగిలిందో లేదోనని, మాస్టారూ."

"అది కాగితం. ఎక్కడికీ పోదు."

"సూది గుచ్చేక మనిషి మొకం సూడకపోతే ఎలాగండి? కళ్లు తిరిగి పడిపోయినోళ్లని ఎంతమందిని పట్టుకున్నానో."

వార్డులో పనికొచ్చే అలవాటు అది. మానెయ్యమన్నా పోయేది కాదు. కంటికి ఇంకో పని ఇవ్వాలనిపించింది. షాట్ కాలింగ్ మొదలుపెట్టాం. గుండు వెళ్లాక టార్గెట్ వైపు చూడకుండా, ఆ క్షణంలో ఫ్రంట్ సైట్ ఎక్కడుందో ఆమె నాకు చెప్పాలి. నేను దుర్భిణిలో చూసి సరిపోయిందో లేదో చెప్పేవాణ్ని. మొదట్లో పొంతనే లేదు. "నోటికొచ్చింది సెప్తన్నాననుకుంటన్నారా, మాస్టారూ?" అని నవ్వేది. కొన్ని వారాలకు ఆమె చెప్పిన చోటే చిల్లు కనబడసాగింది. పదికి ఎనిమిదే పడినా, ముందే ఎనిమిదని చెబితే శభాష్ అనేవాణ్ని.

రాష్ట్ర పోటీలో ప్రతి షూటర్ పక్కనా స్కోరు చూపే తెర ఉంటుంది. కన్ను అటు పోకుండా సువార్త దాని మీద చేతిరుమాలు వేసింది. నిబంధన ఒప్పుకోదని అధికారి తీయించాడు. నేను వెనక కూర్చుని చూస్తున్నాను. ఆమె పిస్తోలు బల్ల మీద పెట్టి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తింది. గుండు వెళ్లిన ప్రతిసారీ పెదవులు కదిలాయి. తనకు తాను చెప్పుకోవడం పూర్తయ్యాకే తెర వైపు చూసింది.

కావలసిన స్కోరు అందింది, బొటాబొటిగా. "ఆఖరిది కుడి పక్కకి పోయింది, మాస్టారూ. తెర సూడకముందే తెలిసిపోయింది" అంది. పిస్తోలు ఆమెతోనే రావికమతం వెళ్లింది.

అప్పటి నుంచి ఎవరి గురి తప్పినా ముందు చేతిని తప్పుపట్టను. ఏం పని చేస్తారని అడుగుతాను. మొన్న చేరిన బస్సు డ్రైవరు ట్రిగ్గర్ నొక్కే ముందు ప్రతిసారీ కళ్లెత్తి కుడివైపు అద్దం కోసం చూస్తాడు. ఆయన కంటికి ఏ పని ఇవ్వాలో ఇంకా ఆలోచిస్తున్నాను.