నాన్న అన్‌ఫిట్ కావాలి

మా క్వార్టర్ల లైన్లో ఒక పలకరింపు ఉంది. బొగ్గు గనుల పక్కన పుట్టి పెరగని వాళ్లు వింటే మాకు మతి చెడిందనుకుంటారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి పొద్దున్నే డ్యూటీకి బయలుదేరితే, ఎదురింటి అరుగు మీద నుంచి ఎవరో ఒకరు జాలిగా అడుగుతారు: "ఏందన్నా, ఇంకా మంచిగనే ఉన్నవా?" ఆయన తప్పు చేసినవాడిలా తల దించుకుని, "అవ్, ఏం జేస్తం, మంచిగనే ఉన్న" అంటాడు. ఇంటర్ చదివే రోజుల్లో ఇది విని నేను పడీ పడీ నవ్వేదాన్ని. కొన్నేళ్లకు ఆ ప్రశ్న మా నాన్నను అడగడం మొదలుపెట్టారు.

సంగతి చాలా చిన్నది. గనిలో దిగే మనిషి ఇక పనికిరాడని, అన్‌ఫిట్ అని మెడికల్ బోర్డు తేలిస్తే, సర్వీసు ఇంకా కొంత మిగిలి ఉంటే, ఆ ఉద్యోగం అతని పిల్లల్లో ఒకరికి వస్తుంది. పర్మినెంట్ ఉద్యోగం. ఉండటానికి క్వార్టర్, ఇంటిల్లిపాదికీ కంపెనీ దవాఖానాలో వైద్యం, చివరికి పెన్షన్. అదే మనిషి ఆరోగ్యంగా రిటైరైతే మెడలో దండ వేసి పంపిస్తారు. పిల్లలకేమీ రాదు. కాబట్టి మా లైన్లో యాభై దాటిన ప్రతి మగవాడి ఒంటి మీదా ఇంటివాళ్ల చూపు ఉంటుంది.

మా ఇంట్లో ఆ పిల్లను నేనొక్కదాన్నే. అప్పటికి నేను భద్రాచలం అవతల, చర్ల రోడ్డు నుంచి అడవిలోకి వెళ్లే దారిలో ఉన్న ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు టీచర్ని. చిన్న తరగతులకు లెక్కలు చెప్పేదాన్ని. లెక్కలకు భాషతో పనిలేదని ఎవరన్నారో గాని, ఇంట్లో కోయ తప్ప వేరే మాట వినని పిల్లకు తీసివేతలో పక్క అంకె దగ్గర అప్పు తేవడమంటే ఏమిటో ఒకసారి చెప్పి చూడమనండి. రేగుపళ్లు కుప్పలు పోసి చెప్పేదాన్ని. లెక్క పూర్తయ్యేసరికి కుప్ప సగం పిల్లల కడుపులో ఉండేది. నాకా పని ప్రాణం.

కానీ ప్రతి ఏప్రిల్లో బడితో పాటు నా ఉద్యోగం కూడా మూతపడేది. జూన్‌లో ఫోన్ వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. మే నెలంతా ఫోన్ చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగేదాన్ని. జ్వరం వచ్చి పడుకుంటే జీతం కోసేవాళ్లు. జీతమైనా నెలనెలా వచ్చేది కాదు. పర్మినెంట్ అనే మాటను మా అమ్మ గొంతు తగ్గించి, భక్తిగా పలికేది.

నాన్న గట్టి మనిషి. అదే మా దురదృష్టం అనేవాళ్లు చుట్టాలు. మొదటిసారి బోర్డుకు వెళ్లినప్పుడు ఆయన్ను ఫిట్ అని రాసి పంపించారు. ఆ రోజు లైనంతా మా ఇంటికి పరామర్శకు వచ్చింది. అమ్మ పొయ్యి వెలిగించలేదు. నాన్న మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కష్టపడి పెంచుకున్న ఒళ్లు ఆయనకు అవమానమైపోయింది.

ఎదురింటి బాబాయి అప్పుడు రంగంలోకి దిగాడు. ఆయన నడుం నొప్పి మీద అన్‌ఫిట్ అయ్యి, కొడుకును ఉద్యోగంలో పెట్టించుకున్నాడు. అన్‌ఫిట్ అయిన దగ్గర్నుంచి ఆయన నడుం ఎంత బాగుపడిందంటే, బియ్యం బస్తా స్కూటర్ మీద తానే వేసుకుని, తానే దించేవాడు.

"అన్నా, నువ్వు బోర్డు ముంగట పోయినంకనే ఒంగినవ్. గట్ల పనికిరాదు. ఇంట్ల గూడ ఒంగాలె, బజార్ల గూడ ఒంగాలె. ఒంటికి అలవాటు గావాలె. అప్పుడే చూసేటోళ్లు నమ్ముతరు" అన్నాడు బాబాయి.

"నాకు నడుం నొప్పి లేదుగదరా" అన్నాడు నాన్న.

"నడుం వద్దు. నువ్వు బొగ్గు దుమ్ములున్నోనివి. ఆయాసం పెట్టుకో."

ఏదో చొక్కా ఎంచుకున్నట్టు అలా మా ఇంట్లోకి ఆయాసం వచ్చింది. నాన్న సాయంత్రం పూట ఇంటి ముందు ప్రాక్టీసు చేసేవాడు. నాలుగడుగులు వేసి ఆగడం, గుండె మీద చెయ్యి పెట్టుకోవడం, నోరు తెరిచి గాలి పీల్చడం. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నేను గడపలో కూర్చుని చూసేదాన్ని. "ఎక్కువైంది నాన్నా, కొంచెం తగ్గించు" అనేదాన్ని. అమ్మ మాత్రం, "లేదు లేదు, బాగున్నది, గట్లనే జెయ్" అనేది. ముగ్గురమూ నవ్వుకునేవాళ్లం.

తర్వాత దగ్గు మొదలైంది. నాన్న దగ్గినప్పుడల్లా వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది. అమ్మ వింటోందని తెలిసేది. ఆ దగ్గు ఎంతసేపు ఉంటే అమ్మ మొహం అంత తేటపడేది. ఒకరోజు బడికి ఫోన్ చేసి, "మీ నాన్న టిఫిన్ డబ్బ సగం నిండుగనే తిరిగొస్తున్నది బిడ్డా. ప్యాంటుకు బెల్టు గూడ నిలుస్తలేదు" అంది. ఆమె గొంతులో సంతోషం ఉంది. నాకు భయమేసింది. "దవాఖానాలో చూపించండమ్మా" అన్నాను. "పిచ్చిదానా, మందులిచ్చి నయం జేస్తే ఎట్ల? బోర్డు అయినంక చూపిద్దాం" అంది.

ఆ చలికాలంలో నాన్న నన్ను చూడటానికి బడికి వచ్చాడు. రోడ్డు మీద బస్సు దిగి టేకు చెట్ల మధ్య నడిచి రావాలి. టేకాకులు రాలి దారంతా పరుచుకుని ఉన్నాయి. ఎదురు వెళదామని నేను బయలుదేరాను. మలుపు ఇవతల ఉండగానే ఆకుల చప్పుడు వినిపించింది. నాలుగడుగులు, ఆగడం. మళ్లీ మూడడుగులు, ఆగడం. తర్వాత చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. నేను ఉన్నచోటే నిలబడిపోయాను. ఆ అడవిలో ఒక పిట్ట కూడా పలకడం లేదు.

మలుపు తిరిగితే నాన్న కల్వర్టు మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఊనుకుని, నోరు తెరుచుకుని ఉన్నాడు. అమ్మ పంపిన సంచి పక్కన పడిపోయి, పచ్చడి డబ్బా దొర్లి ఆకుల్లోకి వెళ్లింది. ఆయన దాన్ని తీసుకోలేదు. నేను ఉన్నానని ఆయనకు తెలియదు. ఆ దారిలో చూసేవాళ్లెవరూ లేరు.

"ఇక్కడ బోర్డు లేదు నాన్నా, మామూలుగా నడువు" అని అరిచాను.

ఆయన తల ఎత్తాడు. జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. "అలవాటు తప్పొద్దు గద బిడ్డా" అని నవ్వాడు. నమ్మాలని నాకు ఎంతగా ఉందంటే, నమ్మేశాను.

ఆ రోజు ఆయన నా క్లాసులో వెనక కూర్చున్నాడు. పిల్లలు లెక్కకు పోసిన రేగుపళ్లు ఆయన ఒళ్లో పోశారు. సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు, "నీకు ఈ పని ఇష్టమున్నట్టున్నది" అన్నాడు.

"ఉంది. నాకు నీ ఉద్యోగం వద్దు నాన్నా. ఇదంతా మానెయ్, ఇంకా కొన్నాళ్లు చేసి మంచిగా రిటైరవ్వు" అన్నాను. నాకు కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

"ఎండకాలమొస్తే నువ్వు ఫోన్ దిక్కు చూసుకుంట కూసునుడు నేను చూడలేను బిడ్డా. మాకు ఒళ్లు బాగలేకుంటే నువ్వు ఏం బెట్టి చూపిస్తవ్? ఇష్టం వేరే, బతుకు వేరే." బస్సు వచ్చింది. కండక్టర్ చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. చూసేవాళ్లకు అది బాగా నేర్చుకున్న నటనలానే ఉంటుంది.

రెండోసారి బోర్డుకు నేనే తోడు వెళ్లాను. డాక్టర్లు ఎక్స్‌రే చూశారు. వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవమన్నారు. నాన్న నడిచి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. పెద్ద డాక్టరు స్టెత్ ఛాతీ మీద పెట్టి, మళ్లీ వీపు మీద పెట్టి, చాలాసేపు విన్నాడు. "ఎన్ని నెలల నుంచి ఈ ఆయాసం? నిజం చెప్పు" అన్నాడు.

నాన్న నా వైపు చూశాడు. "నువ్వు బయట కూసో బిడ్డా" అన్నాడు.

నేను బయటికి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. తలుపు అవతల ఆయన ఏం చెప్పాడో ఇప్పటికీ నాకు తెలియదు, అడగలేదు.

అన్‌ఫిట్ అయ్యాడు. వార్త మాకంటే ముందే లైనుకు చేరింది. బాబాయి మైసూర్‌పాక్ డబ్బాతో వచ్చాడు. ఇంటి నిండా జనం. అమ్మ అందరికీ టీలు పోస్తూ, మధ్యలో కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. బాబాయి నాన్న భుజం తట్టి, "ఇగ చాలన్నా, నాటకం ఒడిసింది. నిటారుగ నిలబడు, అందరం చూస్తం" అన్నాడు.

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, ద్వారబంధం పట్టుకుని లేచాడు. భుజాలు కొంచెం పైకి లేచాయి. నడుం కొంచెం సాగింది. అంతలో దగ్గు తెర వచ్చి మళ్లీ వంగిపోయాడు. దగ్గు తగ్గాక ఇంకోసారి ప్రయత్నించాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అమ్మ ఒక్కతే ఇంకాసేపు నవ్వింది.

ఆ తర్వాత చూపిస్తే, ఊపిరితిత్తుల జబ్బు బాగా ముదిరిపోయిందన్నారు. బతికున్నన్నాళ్లూ మందులు వాడాలి. జూన్‌లో నా ఆర్డరు వచ్చింది. గని ముందు ల్యాంప్ రూంలో పని. నాన్న ఆర్డరు కాగితం తడుముతూ నాకు ఉద్యోగం నేర్పాడు. "దిగేటోళ్లకు ల్యాంపు ఇయ్యాలె, ఎక్కొచ్చినోళ్ల దగ్గర తీసుకోవాలె. ఒక్కటి తిరిగి రాకున్నా నువ్వు లేవొద్దు. మనిషి కిందనే ఉన్నడని లెక్క." ఒక్కో మాటకూ మధ్య ఆగాడు.

నేను చేరితే నాన్న మందులు నా పేరు మీద నడుస్తాయి. చేరకపోతే ఆయన ఒళ్లు ఊరికే పోయినట్టు. ఆ వారమే, మధ్యాహ్నం పూట, బడి నుంచి హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది.

"మళ్లీ తీసుకున్నారమ్మా. సోమవారం వచ్చెయ్. పిల్లలు నిన్నే అడుగుతున్నారు."

ఏడాదంతా ఎదురుచూసే ఫోన్ అది. "నాకు పర్మినెంట్ వచ్చింది మేడం. రాలేను" అన్నాను.

"అయ్యో, అంతకంటే ఏం కావాలి! అదృష్టవంతురాలివి" అందామె. నిజంగానే సంతోషించింది. "అవునూ, ఇందాకటి నుంచి ఏదో చప్పుడు వస్తోంది. మీ ఇంట్లో ఏమైనా రంపంతో కోయిస్తున్నారా?"

నాన్న పక్కనే కుర్చీలో కూర్చుని, తలుపులోంచి వీధిలోకి చూస్తున్నాడు.

"లేదు మేడం, మా నాన్న ఊపిరి తీసుకుంటున్నాడు" అన్నాను.