జపాన్ వాన

ఆ కాలంలో భయపడదామనుకునే కుర్రవాడికి తిరుపతిలో దేనికీ కొదవ ఉండేది కాదు. డిగ్రీ మళ్లీ తప్పిన సంగతి నాయన చెవిన పడుతుందేమోనని భయం, పడ్డాక ఆయన చేతికి ఏది దొరుకుతుందోనని భయం, ఇంటి ఓనరంటే భయం, ఓనరు కుక్కంటే అంతకన్నా భయం. ఇప్పటి పిల్లలకు ఈ భాగ్యం లేదు. తెరమీద నచ్చనిది కనబడితే వేలితో పక్కకు తోసేస్తారు. మా రోజుల్లో నలుగురున్న ఇంట్లో ఒక క్యాసెట్టు ఆడడం మొదలైందంటే, అది ఎవరి పరువు తీసి ఆగుతుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఒకసారి అలాంటి క్యాసెట్టును నా చేతులతో నేనే ఎంచి, మెచ్చుకుని, మా పేటలోకెల్లా భయంకరమైన మనిషి ఇంటికి మోసుకుపోయాను. ఆ కథే ఇది. ఇందులో అబద్ధాలు వస్తే నేనే ఆగి చెబుతాను, మీరు కంగారుపడవద్దు.

నాయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, బస్టాండు వెనక సందులో వీడియో కొట్టు నడిపేవాడు. అందులో పదివేల క్యాసెట్లుండేవి. (సరే, రెండు అలమరాలు. రెండో అలమరాలో పై అర చిన్నాయన టిఫిను క్యారియరుది.) డిగ్రీ తప్పిన నన్ను తీసుకొచ్చి అక్కడ కూర్చోబెట్టాడు. చిన్నాయన అప్పుడప్పుడూ తడ మీదుగా మద్రాసు వెళ్లి, హార్బరు పక్క బజారు నుంచి సంచినిండా క్యాసెట్లు తెచ్చేవాడు. అడుగున ఎప్పుడూ కొన్ని జపాన్ బొమ్మల క్యాసెట్లు ఉండేవి. ఇప్పుడు మా మనవడు వాటిని 'యానిమే' అంటాడు, అదేదో వాడే కనిపెట్టినట్లు. మేం జపాన్ బొమ్మలనే అనేవాళ్లం. మాటలన్నీ జపాన్ భాషలోనే. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు కాబట్టి ఎవరూ తీసుకునేవారు కాదు. వాటిని జనానికి అంటగట్టే పని నాకు అప్పగించాడు చిన్నాయన.

ఆ పనిలో నేను ఆరితేరాను. వచ్చినవాడిని ముందు "ఇంట్లో ఎవరెవరుండారన్నా?" అని అడిగేవాణ్ణి. మగవాళ్లు ఎక్కువుంటే కొట్లాట బొమ్మ: అందులో ఒకడు గుద్దితే కొండ పగులుతుంది, పగిలిన కొండ నేల తాకేలోగా వాడు తన చిన్నతనమంతా తలుచుకుని ఏడ్చేస్తాడు. పిల్లలుంటే ఇనుప రాక్షసుడు: తాడిచెట్టంత యంత్రం, లోపల బక్కపలచని కుర్రాడు కూర్చుని మన ట్రాక్టరు తోలినట్లు తోలుతుంటాడు. ఆడవాళ్లుంటే ప్రేమ బొమ్మ: ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, ఊరందరికీ తెలుసు, వాళ్లిద్దరు మాత్రం ఎంతకీ చెప్పుకోరు. ఇవన్నీ చూసి చెప్పేవాణ్ణనుకునేరు. ఎక్కువగా అట్టమీది బొమ్మ చూసి చెప్పేవాణ్ణి. పైగా, కొండకు వచ్చిన జపాను భక్తుల దగ్గర ఆ భాష నేర్చుకున్నానని కూడా ప్రచారం చేసుకున్నాను. (ఒక జపాన్ ఆయన నన్ను దారి అడిగిన మాట నిజం. ఇంగ్లీషులో అడిగాడు. అదీ నాకు అర్థం కాలేదు.)

మా కొట్టు గది ఓనరు చిత్తూరు బెల్లం మండీల్లో పేరుమోసిన వ్యాపారి. అందరూ బెల్లం మామ అనేవారు, నోట్లోంచి మాత్రం ఒక్క తీపి మాట రాలేదు. దూరపు చుట్టరికంలో నాకు నిజంగానే మామ వరస. ఏడడుగుల మనిషి. (ఆరు. చెప్పులతో.) అంతకుముందు మా పక్కగదిలో ఉన్న సోడాకొట్టు వాడు ఈయన చెల్లెలితో వెటకారంగా మాట్లాడాడని సాయంత్రానికల్లా సోడాబుడ్లన్నీ వీధిలో పెట్టించాడు. ఆ దృశ్యం నేను చూశాను. అందుకే ఆయన గడప దాటి లోపలికి వచ్చి, "మనవరాలికి చెవులు కుట్టిస్తాండాము, తిరుచానూరు ఇంటికి డెక్కు, టీవీ తీసకరా. మంచి బొమ్మలు తే అబ్బోడా" అన్నప్పుడు కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. నిలబడే, మూడు రకాలూ తెస్తానని, ముఖ్యంగా ప్రేమ బొమ్మ చాలా పద్ధతిగా ఉంటుందని చెప్పేశాను. దాని అట్టమీద ఒక అమ్మాయి గొడుగు కింద పద్ధతిగా నిలబడి ఉంది మరి.

డెక్కు, అంటే క్యాసెట్లు ఆడించే వీసీఆర్, అద్దెకు వెళ్తే దానితో ఒక మనిషి కూడా వెళ్లడం అప్పటి పద్ధతి. అంత ఖరీదైన యంత్రాన్ని ఎవరిమీదా వదిలిపెట్టేవాళ్లం కాదు. అలా నేనూ, డెక్కూ, టీవీ ఒకే రిక్షాలో తిరుచానూరు చేరాం. అమ్మవారి గుడి దగ్గర పిల్లకు చెవులు కుట్టించి, భోజనాలు చేసి, చుట్టాలందరూ నడవలో చాపలమీద కూర్చున్నారు. వెయ్యిమంది దాకా ఉంటారు. (నడవ చిన్నది. మీరే లెక్క వేసుకోండి.) ముందు వరసలో మామ తల్లి, అందరికీ అవ్వ, కాళ్లు చాపుకుని. వెనక కుర్చీలో మామ, ఒడిలో బెల్లం దిమ్మ, చేతిలో దాన్ని పగలగొట్టే చిన్న సుత్తి. పిల్లలకు బెల్లం ముక్కలు కొట్టి పెడుతూ, "నీకు జపాన్ భాష వస్తాదంట గదా. తెర పక్కన నిలబడి మాకు తెలుగులో చెప్పు" అన్నాడు. నేను తెర దగ్గర నిలబడితే డెక్కు మీటలు ఎవరు నొక్కాలి? మామ చిన్నకూతురు వచ్చి కూర్చుంది. కాలేజీ చదువుతున్న పిల్ల. ఏ మీట దేనికో నేను చూపిస్తుంటే, "తెలస్తాది లే బావా, నువ్వు కథ చూసుకో" అంది.

కొట్లాట బొమ్మ గొప్పగా నడిచింది. నా నోటికి వచ్చిందల్లా చెప్పాను. అవతలివాడు పొలం గట్టు జరిపాడని ఇవతలివాడు గుద్దుతున్నాడంటే నడవంతా ఒప్పుకుంది. ఇనుప రాక్షసుడికి ఇంకా మంచి మర్యాద జరిగింది. మామ ముందుకు వంగి, "మండీకి ఇట్లాంటిదొకటి ఉంటే మూటలెత్తేదానికి మనుషులు అక్కర్లే" అన్నాడు. నాకు కాస్త ధైర్యం వచ్చింది. సరిగ్గా అప్పుడే లోపల ఫోను మోగింది. మామే వెళ్లి ఎత్తి, రెండు మాటలు విని, నన్ను పిలిచాడు. "మీ చిన్నాయన. గొంతు ఒక మాదిరిగా ఉండాది. ఏమైందో కనుక్కో."

చిన్నాయన గొంతు ఒక మాదిరిగా కాదు, ప్రాణం పోయేముందు మనిషి గొంతులా ఉంది. "ఒరేయ్, గొడుగు పాప క్యాసెట్టు ఈడ కనపడలే. నువ్వు గాని తీసకపోయినావా?"

"తెచ్చినా చిన్నాయనా. అదే ఇప్పుడు పెట్టబోతాండేది."

"సచ్చినాం రా! నడుమన స్నానం సీను ఉండాది రా దాంట్లో! ఒంటిమీద నూలుపోగు ఉండదు. ఆ ముసలామె, ఆడబిడ్డలు, అందరూ ఉంటారు గదరా ఆడ. మీ మామ సూసినాడంటే కొట్టు యాడుంటాది, మనం యాడుంటాం?"

"ఎప్పుడొస్తాది చిన్నాయనా?"

"రైలు పోతాది. రైలు పోయినాక వాన పడతాది. ఆ పాప తడిసి ఇంటికొచ్చి తలుపేసిందంటే, అంతే రా, సామాన్లు సర్దుకునేదే."

ఫోను పెట్టి తిరిగేసరికి మామ వెనకే ఉన్నాడు. "ఏమంట?" అన్నాడు. "బాగా సూపించమన్నాడు మామా" అన్నాను.

ఆ క్యాసెట్టు పెట్టకుండా ఉండడానికి ఎన్ని చెయ్యాలో అన్నీ చేశాను. ఇనుప రాక్షసుణ్ణే ఇంకోసారి చూద్దామన్నాను. పిల్లలు సరేనన్నారు గానీ అవ్వ ఒప్పుకోలేదు. "ఇనుపసామాన్లు సూసి సూసి కండ్లు మండతాండాయి. ఆ గొడుగు బిడ్డ కథ పెట్టబ్బా, అట్ట మీద లచ్చనంగా ఉండాది" అంది. క్యాసెట్టు లోపలికి పోవడం లేదు, యంత్రంలో ఏదో ఇరుక్కుందన్నాను. "ఇరుక్కుంటే నేను ఇప్పతా" అని మామ సుత్తితో లేచాడు. క్యాసెట్టు చాలా సులువుగా లోపలికి పోయింది.

కథ మొదలైంది. గొడుగు పాపకు పూలకొట్టు ఉంది. ఎదురింట్లో అద్దెకుండే గుమాస్తా రోజూ పూలు కొంటాడు, ఎవరికో చెప్పడు. అవ్వకు ప్రాణం లేచి వచ్చింది. "మన గుడి ముందర పూలమ్మే బిడ్డ మాదిరే ఉండాదే! వాడికి పెళ్లయిందా?" "కాలేదవ్వా." "మరి పూలు ఎవరికి?" "దేవుడికి." "మంచి పిల్లోడు" అని మామ మెచ్చుకున్నాడు. ఆయన మెచ్చుకునేకొద్దీ వీధి తలుపు ఎంత దూరముందో చూసుకునేవాణ్ణి. తెరమీద ఎక్కడ కాస్త మబ్బు కనబడినా నా మాట తడబడేది. అంతలో రైలు వచ్చింది. పొడుగాటి రైలు. అది ఎప్పటికీ పోకూడదని కోరుకున్నాను. పోయింది.

మా సీమలో పుట్టి, వాన పడకూడదని ఏడుకొండలవాడికి మొక్కుకున్న మనిషి నేనొక్కణ్ణే అయి ఉంటాను. మొక్కు ఫలించలేదు. తెరమీద మొదటి చినుకు పడగానే నడవంతా కదిలింది. ఆ ఏడు మా దగ్గర చెరుకు ఎండిపోయి ఉంది, మరి. "అబ్బబ్బా, వాన సూడప్పా ఎట్ల కొడతాండాదో!" అని మామ కుర్చీలోంచి లేచాడు. "జపానోళ్లు పుణ్యాత్ములప్పా. అడక్కుండానే ఇచ్చినాడు దేవుడు." ఒకాయన ఆ నీళ్లన్నీ వృథాగా పోతున్నాయని బాధపడ్డాడు. అవ్వ తెరకు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. గొడుగు పాప తడుస్తూ ఇంటికి పరుగెత్తింది. "ఇప్పుడేమంటాండాది అబ్బోడా?" అని అడిగాడు మామ. "వానంటాండాది మామా" అన్నాను. ఆ పాప తలుపు మూసింది. ఎక్కడో నీళ్లు పట్టిన చప్పుడు. గదినిండా ఆవిరి.

అప్పుడు నేను పులిలా ఎగిరి, చుట్టాల తలలమీదుగా దూకి, డెక్కు మీద పడి, కన్నుమూసి తెరిచేలోగా మీట నొక్కి రెండు కుటుంబాల పరువూ కాపాడాను.

ఈ వాక్యం నేను చాలా ఏళ్లుగా పెళ్లిళ్లలో, పేరంటాలలో చెబుతూ వస్తున్నాను. అచ్చులో పెడదామనుకునేసరికి చెయ్యి ఆడటం లేదు. నిజమేమిటంటే నేను కళ్లు మూసుకున్నాను. కన్నుమూసిన మాట ఒక్కటే అందులో నిజం. సుత్తి ఎప్పుడు లేస్తుందా, ఎటునుంచి వస్తుందా అని మెడ లోపలికి ముడుచుకుని నిలబడ్డాను. సుత్తి రాలేదు. గర్రుమని ఒక చప్పుడు వచ్చింది. కళ్లు తెరిచి చూస్తే తెరనిండా అడ్డగీతలు, బొమ్మలు చీమల్లా పరుగెడుతున్నాయి. మామ చిన్నకూతురి వేలు టేపును ముందుకు ఉరికించే మీటమీద ఉంది. చూపు మాత్రం తెరమీద లేదు, నామీద ఉంది.

"ఏమ్మే, ఏమాయ?" అని మామ గర్జించాడు.

"టేపు నలిగిండాది నాయనా. ఇట్లనే ఆడిస్తే మిషను పాడైపోతాది" అంది, బొట్టుపెట్టుకున్నంత నిదానంగా.

వేలు తీసేసరికి గొడుగు పాప పొడి బట్టలు కట్టుకుని జడ వేసుకుంటోంది. అవ్వకు అనుమానం వచ్చింది. "ఇప్పుడే గదా తడిసింది, అప్పుడే తల ఎట్ల ఆరిపోయె?" నాకు మాట వచ్చింది. "జపాన్‌లో ఎండ అట్లుంటాదవ్వా" అన్నాను. "వాన అంతే, ఎండ అంతే. దేశమంటే అదీ" అని మామ ఒప్పుకున్నాడు.

సాయంత్రం డెక్కు మూటగట్టుకుంటుంటే ఆమె క్యాసెట్టు తెచ్చి ఇచ్చింది. "ఈసారి నువ్వు సూసినాక తీసకరా బావా" అంది. అందులో ఏముందో నీకెట్లా తెలిసిందని గొణిగాను. "నాకేం తెలుసు? వాన వాళ్లకు పడితే చెమట నీకు పడతాండె. కథ చెప్పేవాడే కండ్లు మూసుకున్నాడంటే మేము సూడగూడనిదేదో వస్తాందని తెలవదా?"

తరువాత కొన్నేళ్లకు చిన్నాయన ధైర్యం చేసి ఆ పిల్లను నాకు అడగడానికి వెళ్లాడు. నేను గడప బయటే ఉన్నాను, చెప్పులు వేసుకునే. మామ ముందు ఒక బెల్లం దిమ్మంతా ముక్కలు కొట్టాడట. చివరకు, "ఆ పొద్దు జపాన్ వాన పడేటప్పుడు వాడు వణికినాడు సూడు, నేను వాణ్ణే సూస్తా ఉంటి. ఏదో కొంప ముంచే పనే చేసుంటాడు. కానీ ఇంట్లో ఆడోళ్లుండారని అంత భయపడినోడికి పిల్లనీయచ్చు" అన్నాడట. అంటే తెరను చూడనిది ఆమె ఒక్కతే కాదన్నమాట. నేను భాషంతా కల్పించి చెప్పిన ఆ రోజు, తండ్రీకూతుళ్లిద్దరూ చదివిన అసలు బొమ్మ నా మొహమే.

ఇప్పుడు మా మనవడు సెలవులకు వచ్చినప్పుడు ఫోను చేత్తో పట్టుకుని నా పక్కన చేరతాడు. "తాతా, ఏది చూడమంటావు?" అంటాడు. నేను పాత దర్జాతోనే సర్దుకుని కూర్చుంటాను. కొట్లాటైతే గుద్దాక ఏడ్చేవాడి కథ చూడమంటాను, యంత్రాలైతే లోపల కూర్చున్నవాడు బక్కపలచగా ఉన్నది చూడమంటాను. ప్రేమ బొమ్మల దగ్గరికి వచ్చేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోతుంది. "వాన ఉండాదేమో ముందు అడగరా" అని వినబడుతుంది. ఎప్పుడైనా మా వీధిలో నిజం వానే పడితే, ఆమె వసారాలోకి వచ్చి నిలబడి, నావైపు చూస్తూ గాలిలో ఒక మీట నొక్కుతుంది. నేను ఇప్పటికీ కళ్లు మూసుకుంటాను. అయితే ఈ మధ్య, ఒక రెప్ప కాస్త తెరిచి ఉంచుతున్నాను, ఆమె నవ్వు చూడడానికి.